బేసి వలయం

దేవ్లా తండాకు ఊళ్లో నుంచి కబురు వచ్చిందంటే అది రెండింట్లో ఒకటై ఉండేది. అడవి అంచున చేసుకుంటున్న పోడులో అడుగు పెట్టొద్దని ఒకటి. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు, ఆడవాళ్లంతా అద్దాల బట్టలు కట్టుకుని రావాలని రెండోది. మొదటి కబురు మోసుకొచ్చినవాడితో తండా తగువు పడేది. రెండో కబురుకు మాత్రం ఎదురు చెప్పేది కాదు. వచ్చేవాడు ఎవడైనా అతిథే. అతిథి వస్తే పెట్టెలో ఉన్న మంచి బట్ట ఒంటిమీదికి రావాలి. గుండ్రంగా నిలబడి ఆడాలి. ఆట నడుమ ఎవరైనా పక్కకు తప్పుకుంటే అటు చెయ్యీ ఇటు చెయ్యీ కలిసిపోవాలి. ఖాళీ కనబడితే తండాకే తలవంపు. ఈ మాట ద్వాలికి ఆమె తల్లి చెప్పింది. ద్వాలి తన కూతురు సోనికి చెప్పింది.

సోని అక్షరాలకంటే ముందు ఆ అడుగులు నేర్చుకుంది. అందులో ఆమెకు సిగ్గేమీ ఉండేది కాదు, తొమ్మిదో తరగతి వరకు.

ఆ ఏడు లెక్కల పరీక్ష రాస్తుండగా హెడ్మాస్టరు గదిలోకి వచ్చి తండా ఆడపిల్లలందరినీ లేవమన్నాడు. హెలికాప్టర్ దిగుతుందట, ఆటకు పిల్లలు తక్కువయ్యారట. అద్దాల బట్టలు తెప్పించి కట్టించి, మైదానంలో ఎండకు రేకులా కాలిపోతున్న నేల మీద వాళ్లను మధ్యాహ్నం దాకా నిలబెట్టారు. హెలికాప్టర్ దిగింది. దిగినాయన ఫోన్లో మాట్లాడుతూ కారెక్కాడు. కారు లేపిన దుమ్ములో వాళ్లు ఆడారు, ఎందుకంటే ఆపమని ఎవరూ చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి పరీక్ష అయిపోయింది. సగం రాసిన పేపరుకు సగం మార్కులే వచ్చాయి. పేపర్లు పంచుతూ లెక్కల సారు అన్నాడు: "ఏందే సోనీ, మిగిలినయి డాన్సుకు వెయ్యమంటవా?"

క్లాసంతా నవ్వింది. సోని కూడా నవ్వింది. ఆ నవ్వు ఇంటికి వచ్చేదాకా ముఖం మీద అలాగే ఉండిపోయింది.

"ఇంక నేను ఆ బట్టలు కట్ట," అంది తల్లితో. ద్వాలి ఫేటియా పావడాను, కాంచళి రవికెను, తలమీది అద్దాల గుడ్డను మడిచి రేకుపెట్టె అడుగున పెట్టింది. "కట్టకు. పెళ్లికన్నా కావాలె గదా, ఉండనీ," అంది.

సోని పెళ్లి చేసుకోలేదు. ఖమ్మంలో ఇంటరు, కొత్తగూడెంలో డిగ్రీ, హైదరాబాదులో పీజీ చేసింది. హాస్టల్లో ప్రతి ఏడూ వీడ్కోలు సభకు ముందు ఎవరో ఒకరు వచ్చి, "మీవాళ్ల డాన్సు ఒక్క స్టెప్పు చూపియ్యవా" అని అడిగేవాళ్లు. రాదనేది. నీకు రాకపోవడమేంటని నవ్వేవాళ్లు. పొగరుబోతన్న పేరు రావడానికి ఆమె ఇంకేమీ చేయనవసరం లేకపోయింది.

ఆపైన పీహెచ్‌డీలో చేరింది. ఆమె తీసుకున్న అంశం పేరులో స్కార్స్, అంటే మచ్చలు, అన్న మాట విని తండాలో ఒకరిద్దరు చర్మం డాక్టరు అవుతోందనుకున్నారు. ద్వాలికైతే పండక్కి వచ్చినప్పుడు వాళ్ల భాషలోనే కూర్చోబెట్టి చెప్పింది.

"చాయ్‌ల పాలు పోస్తవు గదా యాడీ. కలిసినంక ఏ చుక్క ఏడ పడ్డదో చాయ్‌ని అడిగితే చెప్తదా?"

"చాయ్ ఎందుకు చెప్తదే?"

"చెప్పదు. మర్చిపోతది. లోకంల గుంపుగ ఉన్న కణాలన్నీ అంతే. అన్ని తీర్లా తిరిగి తిరిగి, ఏడ మొదలైనయో మర్చిపోతయి. దాన్నే ఎర్గోడిక్ అంటరు. కానీ కొన్ని ఉంటయి, మర్చిపోవు. అణువులను ఒక వరసల పెట్టి, పక్కపక్కన ఉన్నయి రెండూ ఒక్కసారి లేవొద్దని కట్టడి పెట్టిన్రనుకో. ఒకటి లేచి, ఒకటి కూసొని, మళ్లొకటి లేచి — గిట్ల మొదలుపెడితే ఆ వరస తిరగబడుతది, మళ్ల మొదటికే వస్తది. మళ్ల తిరగబడుతది, మళ్ల మొదటికే వస్తది. వేరే ఎట్ల మొదలుపెట్టినా చాయ్ లెక్క కలిసిపోతది. గిట్ల పెడితేనే కలవదు."

"ఎందుకట్ల?"

"ఆ వరసకు లక్షల తీర్లు ఉంటయి. అండ్ల గుప్పెడు మొండియి ఉంటయి. పాత రూపాన్ని పట్టుకొని ఇడువయి. వాటిని మచ్చలు అంటరు."

"మచ్చకు పసుపు పెట్టకపోయిన్రా?"

"ఇది పోదు యాడీ. మొదటికి వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం తగ్గుతది. తొందరగ పోదు."

"మరి నువ్వేం చేస్తున్నవ్ దానికి?"

"ఎందుకు పోదో లెక్క కడుతున్న."

"దానికి నీకు పైసలిస్తున్నరా?" అని ద్వాలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. తర్వాత తండాలో అందరికీ చెప్పింది, నా బిడ్డ మర్చిపోనోళ్ల మీద చదువుతున్నదని.

అణువుల వరసను కంప్యూటర్లో లెక్క కట్టేటప్పుడు రెండు కొసలనూ కలిపి వలయం చేయడం సోని పద్ధతి. కొసలుంటే లెక్కలో చిక్కులు వస్తాయి. వలయానికి ఎప్పుడూ సరిసంఖ్యే తీసుకునేది. బేసి సంఖ్యయితే ఒకటి విడిచి ఒకటి పెట్టుకుంటూ పోయి చివరకు వచ్చేసరికి ఒకే రకంవి రెండు పక్కపక్కన పడతాయి. ఆ మొండి జ్ఞాపకం పుట్టడానికే వీలుండదు. అందుకని బేసి వలయాలను మొదటి వారమే పక్కన పెట్టేసి, వాటి వైపు మళ్లీ చూడలేదు.

పట్టా వచ్చింది. ఉద్యోగం రాలేదు. ప్రభుత్వ పోస్టుల ప్రకటన ఒకటి వెలువడి కోర్టులో ఇరుక్కుంది. చివరకు సోని తండాకు బస్సు దూరంలో ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పార్ట్‌టైం లెక్చరరుగా చేరింది.

ఆ కాలేజీ కరస్పాండెంటు చెంచురామయ్య. ఆయన తండ్రి కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మిర్చి పండించాడు. కొడుకు ఆ భూమిలోనే కాలేజీ కట్టాడు. మంచి మాటకారి. సోనిని ఏమే ఒసే అనడు, ఏవమ్మా అంటాడు. ఎవరొచ్చినా ఆమెను పిలిపించి, భుజం మీద చేయి వేయకుండానే వేసినట్టుగా పరిచయం చేస్తాడు. "మా సోని. తండా పిల్లండీ. పీహెచ్‌డీ! నమ్ముతారా?" వచ్చినవాళ్లు నమ్మలేనట్టు ముఖం పెట్టేవాళ్లు. సోని నిలబడి ఉండేది. పరిచయం అయ్యాక ఏం మాట్లాడాలో ఎవరికీ తెలిసేది కాదు కనుక ఆమె వెళ్లిపోయేది.

కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ రావలసిన ఏడాది భౌతికశాస్త్రంలో ఒక పర్మనెంటు పోస్టు ఖాయమైంది. పోటీ ఇద్దరికే. సోని ఒకతె. రెండో ఆమె మనోజ్ఞ, చెంచురామయ్య తమ్ముడి కోడలు, ఎమ్మెస్సీ. చదువును బట్టి చూస్తే పోటీయే లేదు. చెంచురామయ్య సోనిని తన గదిలోకి పిలిచాడు.

"చూడమ్మా, మనోజ్ఞ మా ఇంటి పిల్ల. అయినా సరే, నేను న్యాయం తప్పను. కమిటీవాళ్ల ముందు నీ సబ్జెక్టులో ఏదన్నా కొత్తగా చేసి చూపించు. వాళ్లు మెచ్చుకుని ఒక్క ముక్క రాస్తే పోస్టు నీది. మాటిస్తున్నా."

సోనికి కావలసింది అంతే. తండా పిల్ల అనే మాట ముందు తగిలించకుండా ఫిజిక్స్ లెక్చరర్ అని పిలిపించుకోవడం. ఆ పోస్టు వస్తే ఆ మాట దానంతటదే రాలిపోతుందని ఆమె నమ్మింది.

చేసి చూపించడానికి ఆమెకు పరికరాలు అక్కర్లేదు, మనుషులు చాలు. ఇరవై నాలుగు మంది విద్యార్థులు చేతులు పట్టుకుని వలయంగా కూర్చోవాలి. ఒకరు విడిచి ఒకరు లేచి నిలబడాలి. డ్రమ్ము మోగిన ప్రతిసారీ నిలబడ్డవాళ్లు కూర్చుంటారు, కూర్చున్నవాళ్లు లేస్తారు. ఒక్కటే నియమం: పక్కవాళ్లలో ఏ ఒక్కరు లేచి ఉన్నా నువ్వు లేవకూడదు. ఇలా మొదలుపెడితే ఎంతసేపు వాయించినా వలయం మొదటి ఆకారానికే తిరిగొస్తుంది. ఆ తర్వాత అదే మనుషులు, అదే నియమం, కానీ ఎవరు పడితే వాళ్లు లేచి మొదలుపెడతారు. కాసేపటికి అంతా కలగాపులగమైపోయి, మొదట ఎవరు నిలబడ్డారో వాళ్లకే గుర్తుండదు. కమిటీవాళ్లను వెనక్కి తిరిగి నిలబడమని, మళ్లీ ఇటు తిప్పి, మొదట ఎవరు నిలబడ్డారో చెప్పమని అడగాలని ఆమె పథకం. మొదటి ఆటలో చెప్పగలరు, రెండో ఆటలో చెప్పలేరు. వాళ్ల నోటితోనే వాళ్లు చెప్పుకుంటారు, ఎర్గోడిక్ అంటే ఏమిటో, అది ఎక్కడ విరిగిపోతుందో.

మొదట్లో టౌను పిల్లలు కూడా వచ్చారు. నేల మీద కూర్చుంటే యూనిఫారం మాసిపోతోందని ఒక్కొక్కరే జారుకుని మనోజ్ఞ తయారు చేయిస్తున్న స్లైడ్ల దగ్గరికి చేరారు. చివరికి మిగిలింది సరిగ్గా ఇరవై నలుగురు హాస్టల్ అమ్మాయిలు. ఎక్కువమంది తండాలవాళ్లు, కొందరు కోయగూడేలవాళ్లు. వాళ్లకు చేతులు పట్టుకోవడం ఎలాగో చెప్పాల్సిన పని లేకపోయింది.

ప్రాక్టీసు చూడటానికి మనోజ్ఞ ఒకరోజు వరండాలోకి వచ్చింది. "అక్కా, మ్యూజికల్ చైర్సా?"

"చైర్లు లేవుగా," అంది సోని.

"అదే అనుకుంటున్నా. ఎంత బాగా చేస్తున్నారో! మీవాళ్లకి తాళం పుట్టుకతోనే వచ్చేస్తుందనుకుంటా."

డ్రమ్ము వాయిస్తున్న అటెండరు దూలయ్య చేయి ఆపి, "తాళం నాది మేడం. వాళ్లయి మోకాళ్ల నొప్పులు," అన్నాడు. అమ్మాయిలు పకపకా నవ్వారు. మనోజ్ఞ కూడా నవ్వి లోపలికి వెళ్లింది.

ఆ అమ్మాయిల్లో పుష్ప అని ఒకతె ఉంది. సోనిది, ఆమెది ఒకే తండా. మొదటి సంవత్సరం బీఎస్సీ. అందరికంటే ముందు నియమం పట్టుకుంది, అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసేది.

"అక్కా, ఎన్నిసార్లు లేచి కూసున్నా మొదటికే వస్తున్నం. ఇండ్ల లాభమేంది?"

"కాలేజీల అక్కా గిక్కా అనకు. మేడం అను."

"సరే మేడం. లాభమేంది?"

"లాభం గురించి కాదు. మర్చిపోకుండా ఉంటున్నది కదా, అది విశేషం."

"మర్చిపోయేది మంచిదా, మర్చిపోంది మంచిదా?"

"అణువులకు మంచీ చెడూ లేదు," అంది సోని విసుగ్గా. "చేతులు పట్టుకో."

ఆ విసుగు పుష్ప మీద కాదు. ఆ పిల్ల మాట్లాడినప్పుడల్లా సోనికి తన పాత గొంతు వినిపించేది. పదిమందిలో ఆ గొంతు వినడం ఆమెకు ఇష్టముండేది కాదు.

కమిటీ వచ్చే రోజు పొద్దున అమ్మాయిలంతా యూనిఫారంలో వచ్చి ఆవరణలో గుండ్రంగా కూర్చున్నారు. పుష్ప ఆలస్యంగా వచ్చింది. గేటులో నుంచి నడిచి వస్తుంటే ఎండ ముక్కలు ముక్కలై గోడల మీద పరుగెత్తింది. ఎర్రటి ఫేటియా, కాంచళి, తలమీద అద్దాల గుడ్డ, మోచేతుల దాకా తెల్ల గాజులు. అతిథులు వస్తున్నారని విని ఆమె తల్లి రాత్రికి రాత్రి పంపించింది. పుష్ప నవ్వుతూ వచ్చి తన చోట నిలబడింది. ఆ అమరికలో ఆమె మొదట నిలబడేవాళ్లలో ఒకతె.

సోనికి ఒళ్లంతా మండిపోయింది.

"ఏందే గిది?"

"మా యాడి పంపింది మేడం. పెద్దోళ్లు వస్తుండ్రు గదా..."

"గిట్ల రమ్మని నీకెవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే. సుట్టాలు వస్తే కట్టుకుంటం గదా."

"సుట్టాలా? ఎవని సుట్టాలే? ఇది ఫిజిక్స్. నీ తీజ్ పండగ కాదు. నిన్ను గిట్ల చూసినంక వాళ్లు ఇంకేమన్నా చూస్తరా?"

"హాస్టల్‌కు పోయి జల్దీ మార్చుకొస్త మేడం."

అప్పటికే గేటు బయట కార్లు ఆగాయి. చెంచురామయ్య దండలతో ఎదురు వెళుతున్నాడు.

"అవసరం లేదు. పో అవతలికి. నువ్వు లేకుంటే ఆగిపోయేదేం లేదు," అంది సోని. పిల్ల కదలకపోయేసరికి మణికట్టు పట్టుకుని వలయంలో నుంచి బయటికి లాగింది. తెల్ల గాజు ఒకటి విరిగి కింద పడింది. "నీలాంటోళ్ల వల్లనే మనం ఎన్నటికీ గింతే. గా గోడ పక్కకు పోయి నిలబడు. కనబడకు."

చుట్టూ ఉన్న అమ్మాయిలు తలలు వంచుకున్నారు. పుష్ప ఏడవలేదు. గోడ దాకా నడిచి వెళ్లి అటు తిరిగి నిలబడింది. ఆమె వీపు మీది అద్దాలు ఆవరణంతా మెరుస్తూనే ఉన్నాయి.

పుష్పకు ఇటు పక్క కూర్చున్న అమ్మాయి చేయి, అటు పక్క కూర్చున్న అమ్మాయి చేయి ఖాళీలో కలుసుకున్నాయి. ఎవరూ చెప్పలేదు. ఖాళీ కనబడకూడదు, అంతే. వలయం మూసుకుంది. సోని కార్ల వైపు చూస్తోంది.

కమిటీలో ముగ్గురు. అందరికంటే పెద్దాయన ఎక్కడో దూరపు విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పి రిటైరైనవాడు. సోని నాలుగు మాటల్లో చెప్పింది. మొదట లేవాల్సిన అమ్మాయిలు లేచి నిలబడ్డారు. ఆమె కమిటీవాళ్లను వెనక్కి తిరగమంది. తిరిగారు. దూలయ్య డ్రమ్ము మీద దెబ్బ వేశాడు.

నిలబడ్డవాళ్లు కూర్చున్నారు. కూర్చున్నవాళ్లు లేచారు. పుష్ప వెళ్లిన చోట పక్కపక్కన పడ్డ ఇద్దరూ ఒకేసారి లేచారు. ఒకరినొకరు చూసుకున్నారు. పక్కవాళ్లు లేచి ఉంటే లేవకూడదు. ఇద్దరూ ఒకేసారి కూర్చున్నారు. మళ్లీ ఒకతె సగం లేచింది. రెండో దెబ్బ పడింది. వాళ్లను చూసి అటుపక్క అమ్మాయి లేవాలో వద్దో తెలియక ఆగింది. ఆమెను చూసి ఆ పక్కామె ఆగింది. తడబాటు నిప్పంటుకున్న గడ్డిలా రెండు వైపులా పాకుతూ పోయింది.

సోనికి ఒక్కసారిగా అర్థమైంది. ఇరవై మూడు. ఏళ్ల తరబడి సరి వలయాల మీదే బతికిన మనిషి తన చేత్తో తనే బేసి వలయం చేసింది. ఆ క్షణంలో ఆమెకు వచ్చిన ఆలోచన పుష్పను తిరిగి పిలవాలని కాదు. ఇంకొకతెను కూడా లాగేసి ఉంటే సరిపోయేదని.

"ఇటు తిరగొచ్చా మేడం?" అన్నాడు పెద్దాయన.

"ఒక్క నిమిషం సార్..."

ఆయన అప్పటికే తిరిగాడు. ఇరవై మూడు మంది అమ్మాయిలు సగం లేచి, సగం కూర్చుని, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. చెంచురామయ్య ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ దవడ బిగుసుకుంది. మనోజ్ఞ లాప్‌టాప్ గుండెకు హత్తుకుని చూస్తోంది. తమ మేడం పరువు పోతోందని ఆ అమ్మాయిలకు తెలిసింది. పరువు పోకుండా ఏం చేయాలో వాళ్లకు ఒక్కటే తెలుసు. ఎవరు మొదలుపెట్టారో గానీ ఒక పాట గొంతు లేచింది. అందరూ లేచి నిలబడ్డారు. దూలయ్యకు కూడా ఏం తోచిందో, డ్రమ్ము దెబ్బ మార్చాడు. వలయం కదిలింది. రెండు అడుగులు ముందుకు, ఒకటి వెనక్కి, ఒంగి చప్పట్లు.

పెద్దాయన ముఖం విచ్చుకుంది. "ఓహో! ఇదా సర్ప్రైజు! ట్రైబల్ డాన్స్! అద్భుతం!"

"సార్, ఇది డాన్స్ కాదు," అంది సోని. "మీరు ఇప్పుడు చూసింది—"

"సైన్స్ తర్వాత చూద్దాం మేడం, ఎక్కడికీ పోదుగా. ఆ అమ్మాయి ఎందుకు అలా నిలబడింది? అంత చక్కగా తయారై వచ్చి! రామ్మా, రా, నడిమిట్లోకి రా!"

గోడ దగ్గర పుష్ప ఇటు తిరిగింది. సోనివైపు చూసింది. సోని కళ్లు దించుకుంది. చెంచురామయ్య తనే వెళ్లి పుష్పను భుజం పట్టి తీసుకొచ్చి వలయం మధ్యలో నిలబెట్టాడు. పుష్ప ఆడింది. అతిథి అడిగాడు కదా. గాజు గీరుకుపోయిన మణికట్టు పైకెత్తి, నవ్వకుండా, ఒక్క అడుగు తప్పకుండా ఆడింది. మిగిలిన ఇద్దరు సభ్యులు ఫోన్లు తీశారు.

"మా సోని కూడా ఆ తండా పిల్లేనండీ," అన్నాడు చెంచురామయ్య. "పీహెచ్‌డీ! కలవమ్మా, కలువు. మొహమాటమా?"

"నాకు రాదు సార్."

"నీకు రాకపోవడమేంటి!" అని అందరూ నవ్వారు. హాస్టల్ రోజుల్లో నవ్విన నవ్వే. ఆమెకు దగ్గరగా ఉన్న అమ్మాయి చేయి చాచింది. ఆ పిల్ల ముఖంలో వెక్కిరింత లేదు, రమ్మని బతిమాలుతోంది. సోని చేయి అందుకుంది. తొమ్మిదో తరగతి తర్వాత ఒక్కసారి కూడా వేయని అడుగులు. ఒక్కటి కూడా తప్పలేదు. కాటన్ చీరలో, మెడలో ఐడీ కార్డుతో, ఫోన్ల ముందు ఆమె ఒంగి చప్పట్లు కొట్టింది.

కమిటీ ఒక్క ముక్క కాదు, పేరాగ్రాఫే రాసింది. గిరిజన సంస్కృతి పరిరక్షణలో ఈ కాలేజీ కృషి ఆదర్శమని. చెంచురామయ్య సోనిని పిలిచి స్వీటు పెట్టాడు.

"చూశావా, మాట నిలబెట్టుకున్నా. నిన్ను పర్మనెంటు చేస్తున్నా. కల్చరల్ కోఆర్డినేటర్. కొత్త పోస్టు, నీ కోసమే పుట్టించా."

"ఫిజిక్స్ సార్?"

"ఫిజిక్స్ మనోజ్ఞ చూసుకుంటుందిలే. ఆ అమ్మాయికి ఇలాంటివి రావు కదా మరి."

"నా పీహెచ్‌డీ సార్..."

"బోర్డు మీద డాక్టర్ సోని అనే రాయిద్దాం తల్లీ. కల్చరల్‌లో డాక్టరేట్ ఉన్నవాళ్లు ఏ కాలేజీలో ఉన్నారు చెప్పు?"

బయట వరండాలో మనోజ్ఞ ఎదురైంది. కళ్లలో నిజంగానే అభిమానం ఉంది. "అక్కా, ఆ రోజు మీరు సూపర్. మా ఇంట్లో అందరికీ వీడియో చూపించా. అన్నట్టు, మీ స్కార్స్ నోట్స్ నాకు ఇస్తారా? ఫైనల్ ఇయర్‌కి సెమినార్ పెట్టమంటున్నారు. సింపుల్‌గా ఉన్న పార్ట్ చాలు."

సోని ఇచ్చింది. ఇవ్వకపోతే పొగరంటారు.

ఆ నెలలోనే జిల్లాకు ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని, కాలేజీ తరఫున స్వాగత నృత్యం ఉండాలని చెప్పారు. అమ్మాయిలు చాలక కాదు, ఆ అద్దాల బట్టల పిల్ల తప్పకుండా ఉండాలని కరస్పాండెంటు మాట. సోని హాస్టల్‌కు వెళ్లింది. పుష్ప పెట్టె సర్దుకుంటోంది. సైన్సు వదిలేసి మణుగూరులో ఏదో ట్రైనింగులో చేరుతుందట.

"పుష్పా, ఫంక్షన్ అయ్యేదాకన్నా ఉండు."

"ఎందుకు మేడం? నేను లేకుంటే ఆగిపోయేదేం లేదన్నరు గదా."

"కోపంల అన్న."

"కోపంల అన్నా, నిజమే అన్నరు. ఆగలే గదా." పుష్ప పెట్టె మూత వేసింది. మూత పడక దాని మీద కూర్చుంది. "నేను ఎట్లనన్న మర్చిపోత మేడం. మీరే చెప్పిన్రు గదా, చానా మటుకు మర్చిపోతయని."

"మరి వలయంల నీ చోటు..."

"ఖాళీ ఉంటే బాగుండదు. మీరు నిలబడుండ్రి."

అది అక్కసుతో అన్న మాట కాదు. తండాలో ఎవరైనా అలాగే అంటారు.

ఇంటికి వెళ్లేసరికి ద్వాలి వాకిట్లో రేకుపెట్టె తెరిచి పెట్టుకుని ఉంది. సంగతి తండాకు ముందే చేరింది. ఫేటియా నడుము దగ్గర పాత కుట్లు విప్పుతోంది. పళ్ల మధ్య సూది ఉంది. అది తీసి అడిగింది.

"పర్మనెంటేనా?"

"అవ్ యాడీ."

"తీసెయ్యరు గదా?"

"తియ్యరు."

"గదే కావాలె." ద్వాలి గుడ్డను ఎండకు ఎత్తి చూసింది. కుట్టు లోపల మడిచిపెట్టిన అంచు రంగు వెలవకుండా కొత్తగా ఉంది. "నువ్వు పెద్దగైతవని అప్పుడే లోపల గుడ్డ ఇడిచిపెట్టిన. సరిపోతది. ఎంతమంది ఉన్నరు ఆటల?"

"ఇరవై ముగ్గురు."

"నువ్వు కలిస్తేనా?"

"నేను కలిస్తే ఇరవై నలుగురం," అంది సోని.

ద్వాలి లేచి ఫేటియాను ఆమె నడుము చుట్టూ తిప్పింది. రెండు కొసలూ కలిశాయి. "చేతులెత్తు," అంది సూది పట్టుకుని. సోని ఎత్తింది.